పెయ్యకిచ్చిన ఇంజను

మా వెర్నన్ తాతను, నీ జన్మలో చేసిన బేరాల్లోకెల్లా గొప్పది ఏదని అడిగితే తడుముకోకుండా చెబుతాడు: కారులోంచి ఇంజను పీకి ఇచ్చేసి పెయ్యదూడను తెచ్చుకోవడం. ఆ మాట విన్నప్పుడల్లా డోరిస్ నానమ్మ పొయ్యి వైపు తిరిగి, దాని మీదున్న గిన్నెకు ఏదో చెప్పుకుంటుంది. ఏం చెప్పుకుంటుందో ఇంట్లో ఎవ్వరికీ ఏనాడూ సరిగా వినపడలేదు. గిన్నె మాత్రం అంతా విని ఊరుకునేది.

తాతకు పాడి తప్ప వేరే చదువు అబ్బలేదు. సెయింట్ ఓడీలియా ఊరి బడిలో సిస్టర్ ఫిలోమినా చేత తిన్న దెబ్బలే ఆయన చదువు. పొద్దున్నే ఆవులతో మాట్లాడతాడు. మనుషులతో మాట్లాడాలంటే ముందు కాఫీ కడుపులో పడాలి. ఓహియో పడమటి అంచున ఆ ఊళ్ళో మగవాళ్ళందరిదీ అదే వరస. చర్చిలో ఆఖరి బెంచీలో కూర్చుని మొక్కజొన్న గురించి గొణుక్కుంటారు. నోరు తెరిచి ప్రేమ అనే ముక్క అన్నవాణ్ణి ఆ ఊరు ఇంకా కనలేదు. దానికి బదులు ఎదుటివాళ్ళ బండి టైర్లలో గాలి చూస్తారు. పెళ్ళికి ముందు తాత ప్రతి ఆదివారం డోరిస్ వాళ్ళ నాన్న లారీకి గాలి చూసి వచ్చేవాడట. ఆ లారీ టైర్లు ఎంత గట్టిగా ఉండేవంటే, సంబంధం ఖాయమైపోయిందని ఊరంతా అప్పుడే అనుకుంది.

అలాంటి మనిషి బతుకులో ఒకే ఒక్క పిచ్చిపని చేశాడు. పంతొమ్మిదివందల అరవై తొమ్మిదిలో సైన్యం నుంచి తిరిగొచ్చి, కూడబెట్టిన జీతమంతా తీసుకెళ్ళి రోలీ కీస్లర్ షోరూములో పోశాడు.

ఈ కీస్లర్ పక్క ఊళ్ళో షెవర్లే బళ్ళు అమ్మేవాడు. అమ్మడం ముందు గదిలో, అసలు పని వెనక షెడ్డులో. కంపెనీ నుంచి సాదాసీదా నోవా కారు తెప్పించేవాడు. టీచరమ్మలు, పోస్టుమాస్టర్లు కొనుక్కునే రకం. దాన్ని షెడ్డులోకి తోలి, ఉన్న చిన్న ఇంజను ఊడబెరికి, లారీని లాగగల పెద్ద ఇంజనును ఆ ఇరుకు బానెట్ కింద ఎలాగోలా కూరేసేవాడు. వెనక ఇరుసు మార్చి, డిక్కీ మూత మీద తన పేరున్న ఆకుపచ్చ బిళ్ళ ఒకటి అతికించి బయటికి వదిలేవాడు. చూడ్డానికి అదే టీచరమ్మ బండి. యాక్సిలరేటరు తొక్కితే మాత్రం టీచరమ్మ టోపీని పక్క జిల్లాలో వెతుక్కోవాలి.

ఇలాంటివి కీస్లర్ ఎన్ని చేశాడో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు. పది లోపేనని కొందరు, కాదు పది పైనేనని కొందరు. సగం మొదటి వేసవిలోనే చెట్లను కౌగిలించుకున్నాయన్న సంగతి మాత్రం అందరూ ఒప్పుకుంటారు. కంపెనీ లెక్కల్లో వీటి ఊసే లేదు. దాని దృష్టిలో తాత కారు ఇప్పటికీ టీచరమ్మ బండే. అందుకని ఏ ఇంజను ఏ కారులోకి వెళ్ళిందో తనకైనా గుర్తుండాలని, కీస్లర్ ఇంజను దిమ్మ పైముఖం మీద కారు నంబరు చివరి అంకెలను స్వయంగా సుత్తితో అచ్చు కొట్టేవాడు. చెయ్యి స్థిరం లేని మనిషి కావడంతో అంకెలన్నీ తాగొచ్చినట్టు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉండేవి. వాటి కోసం జనం పొలాలు అమ్ముకునే రోజొకటి వస్తుందని అప్పుడు ఎవరైనా అని ఉంటే, కీస్లర్ ఆ మనిషికి ఇంకో కారు అంటగట్టి ఉండేవాడు.

తాత కొన్న కారు నీలిది. అది డోరిస్ వాళ్ళ సందులోకి తిరిగిందంటే వంటింటి అరలో పళ్ళేలు గలగలలాడేవి. పళ్ళేలు మోగగానే ఆ ఇంటి తండ్రి "వచ్చాడమ్మా నీ ఉరుము" అని పేపరు మడిచేవాడు. డోరిస్ అప్పటికే కోటు వేసుకుని ఉండేది. పెళ్ళయ్యాక ఆ కారును ఆవిడ కూడా నడిపింది. చర్చి పాటలకు వెళ్ళడానికి నడిపింది, కోడిగుడ్లు అమ్మడానికి నడిపింది. గుడ్లు పగిలేవి. అయినా నడిపింది.

తరవాత మొదటి బిడ్డ కడుపున పడింది. ఆ కారు క్లచ్ తొక్కాలంటే గుర్రం డెక్క కావాలి. తాత ఆలోచించాడు. ఆలోచన ఆయనకు అలవాటు లేని పని కావడంతో ఎవరినీ అడగకుండా పూర్తి చేసేశాడు. డోరిస్ తమ్ముడు లియోకి అప్పట్లో ట్రాక్టర్ల పందెం పిచ్చి పట్టుకుని ఉంది. జిల్లా సంతలో బరువుల బండి కట్టి, ఎవరి ట్రాక్టరు ఎంత దూరం లాగితే వాళ్ళది గెలుపు. లియోకి ట్రాక్టరుంది, దమ్మున్న ఇంజను లేదు. బెర్నిస్ అనే పెయ్య ఉంది. నుదుటి మీద వంగిన చెంచాలాంటి తెల్లమచ్చ, సంతలో మొదటి బహుమతి రిబ్బను. బావా బావమరుదులు కంచెకు అటొకరు ఇటొకరు నిలబడి చేతులు కలుపుకున్నారు. ఇంజను లియోకి, పెయ్య వెర్నన్‌కి. ఒక పోస్టుమాన్ గుద్దేసుకున్న కారులోంచి చిన్న ఇంజను తెచ్చి తాత నోవాలో పెట్టాడు. అంటే కీస్లర్ అంత కష్టపడి చెడగొట్టిన టీచరమ్మను ఈయన మళ్ళీ బడికి పంపించాడన్నమాట.

బెర్నిస్ మాత్రం మాట నిలబెట్టుకుంది. ఏటా ఈనింది. దాని కూతుళ్ళు, కూతుళ్ళ కూతుళ్ళు కొట్టం నిండా నిండిపోయాయి. ఇవాళ తాత దగ్గర పాలిచ్చే ఆవుల్లో ఆ చెంచా మచ్చ లేనిదాన్ని వెతకాలి. అటు లియో తన ట్రాక్టరుకు సిస్టర్ ఫిలోమినా అని పేరు పెట్టాడు. బడిలో ఆవిడ గొంతు ఎంతో దాని గొంతూ అంత. కప్పుల మీద కప్పులు గెలిచాడు. పెళ్ళి చేసుకోవడం మాత్రం మరిచిపోయాడు. కప్పుల్లో మేకులు, స్క్రూలు పోసుకుంటాడు.

కారు పిల్లల్ని మోసి మోసి, తుప్పు పట్టగానే కొట్టం వెనక పట్టా కప్పుకుని పడుకుంది. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి. మనవలు దాంట్లో కూర్చుని చంద్రుడి మీదికి వెళ్ళొచ్చారు. అక్కడితో దాని కథ అయిపోయేదే.

కిందటి వసంతంలో కంటి డాక్టరు తాతకు చెప్పాడు. చూపు నడిమధ్యలో మచ్చ పెరుగుతోంది, ఈ శరత్తులో పుట్టినరోజు వచ్చేసరికి లైసెన్సు తిరిగి ఇవ్వరు, వెర్నన్, సిద్ధంగా ఉండు అని. తాత ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు, పాలు పితికాడు, రోజూ లాగే నానమ్మతో పేకాటలో ఓడిపోయాడు. ఆ తరవాత కొట్టం వెనక్కి వెళ్ళి పట్టా లాగేశాడు. కోళ్ళను తోలేశాడు. సాయంత్రం దాకా ఆ నీలి రేకును చేత్తో తడుముతూ కూర్చున్నాడు. నానమ్మ కిటికీలోంచి చూసింది. మర్నాడు పాలు పితికేటప్పుడు ఆయన ఒక ఆవుకు చెబుతుంటే విన్నది కూడా ఆవిడే. లైసెన్సు పోయేలోపు ఒక్కసారి, ఒక్క ఆదివారం, ఆ కారును దాని సొంత ఇంజనుతో రోడ్డు మీదికి తీసుకెళ్ళాలి. ఆయనకు కావలసింది అంతే. ఆవు ఏమీ అనలేదు గానీ తోకతో ఒకటిచ్చింది.

ఇంతలో మనవల్లో ఎవరో ఆ కారు ఫోటో ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎవరన్నది ఇక్కడ అవసరం లేదు. వారం తిరక్కుండా ఇండియానాపొలిస్ నుంచి ప్రెంటిస్ అనే పాత కార్ల ఆసామి వచ్చి వాకిట్లో దిగాడు. మర్యాదస్తుడు. బూట్లకు పేడ అంటినా ఏమీ అనుకోలేదు. డిక్కీ మీది ఆకుపచ్చ బిళ్ళను చూడగానే టోపీ తీసేశాడు, చర్చిలోకి వచ్చినవాడిలా. కంపెనీ చేసిన బళ్ళు లక్షలున్నాయని, ఇలా ఊరి దుకాణంవాడు వెనక షెడ్డులో మార్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయని, వాటికే గిరాకీ అని చెప్పాడు. దీని ఇంజను దొరికి, దాని పైముఖం మీద కీస్లర్ కొట్టిన వంకర అంకెలు ఉంటే ఈ బండి మంచి పొలం ధర పలుకుతుందన్నాడు. లేకపోతే మంచి గడ్డికోత మిషను ధర. తాత విని తల ఊపి, నానమ్మ చేసిన క్రీమ్ పై అనే మీగడ రొట్టె ఆయన్ని తినమన్నాడు.

ఆదివారం పూజ అయ్యేసరికి ఊరంతా ఆ మాటే. లియో కూడా విన్నాడు. వింటూనే మొహం సున్నం కొట్టినట్టయి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే తాత లియో ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో సిస్టర్ ఫిలోమినా నిలబడి ఉంది. రెండేళ్ళుగా లియో మోకాళ్ళు సహకరించక అది పందేనికి వెళ్ళడం లేదు. తాత వాతావరణం గురించి మాట్లాడాడు, సోయా చిక్కుడు గురించి మాట్లాడాడు, చివరికి ఇంజను సంగతి ఎత్తాడు.

"అమ్ముకోవడానికా?" అన్నాడు లియో.

"కాదు."

"మరెందుకు?"

ఇక్కడ ఇంకెవరైనా అయితే, నా కళ్ళు పోతున్నాయిరా అని చెప్పి ఉండేవారు. తాత వెళ్ళి లియో లారీ పక్కన వంగుని టైరు నొక్కి చూశాడు. లియో మూతి బిగించాడు.

"బేరం బేరమే వెర్న్. నా పెయ్య నాకు తెచ్చియ్యి, నీ ఇంజను పట్టుకుపో."

"బెర్నిస్ చచ్చి ఎన్నేళ్ళయిందిరా?"

"ఆ బాధ నీది."

తాత ఇంటికి వచ్చి చెబితే నానమ్మకు ఒళ్ళు మండిపోయింది. తమ్ముడికి ప్రతి ఆదివారం క్రీమ్ పై పంపించడం మానేసింది. ఆ ఇంట్లో అంతకుముందెన్నడూ ఆ శిక్ష ఎవరికీ పడలేదు. డబ్బు పేరు వినగానే వాడికి బుద్ధి మారిందని ఆవిడ, వాడు అలాంటివాడు కాదని తాత. వాదన పేకాటలోకి కూడా పాకింది. తాత ఆ రోజు కూడా ఓడిపోయాడనుకోండి, అది వేరే సంగతి.

కొన్నాళ్ళు ఆయన ముభావంగా తిరిగాడు. తరవాత ఒక ఉదయం కొట్టంలో ఆవుల మధ్య నిలబడి ఒక్కొక్క నుదురే తడుముతూ వెళ్ళాడు. చూపు ఆనకపోయినా ఏది ఎవరి కూతురో ఆయనకు చేతికి తెలుసు. బెర్నిస్ నుంచి వరసగా తల్లీకూతుళ్ళుగా దిగి వచ్చిన ఒక పెయ్యను ఎంచి బయటికి తెచ్చాడు. దాన్ని సబ్బుతో కడిగాడు, బ్రష్షుతో దువ్వాడు, డెక్కలు తుడిచాడు. ఆయన పెళ్ళి ఫోటోలో ఆయన తల కూడా అంత నున్నగా ఉండదు. దాన్ని లారీ వెనక తగిలించిన బండిలోకి ఎక్కించి స్టీరింగు ముందు కూర్చున్నాడు. నానమ్మ పక్కన కూర్చుని దారి పొడుగునా ఎక్కడెక్కడ పోస్టు డబ్బాలున్నాయో చెబుతూ వచ్చింది. అయినా ఒకటి ఒరిగింది.

లియో వాకిట్లో తాత వెనక బండి తలుపు తీశాడు. పెయ్య దిగింది. చుట్టూ చూసింది. నుదుటి మీద వంగిన చెంచా.

లియో మెట్ల మీంచి కదల్లేదు. ఆయన ఆవుల్ని అమ్మేసి చాలా ఏళ్ళయింది. కొట్టం ఖాళీ. అందులో పాత ఎండుగడ్డి వాసన కూడా పోయింది. కాసేపటికి కర్ర ఊతంగా దిగి వచ్చి, పెయ్య గంగడోలు కింద చెయ్యి పెట్టాడు. అది మెడ సాచి ఆయన చొక్కా గుండీ నాకింది.

"అదే మచ్చ," అన్నాడు లియో.

"బెర్నిస్ వంశమే. మధ్యలో ఎక్కడా తేడా లేదు," అన్నాడు తాత. "నీ పెయ్య నీకు తెచ్చిచ్చాను."

లియో ట్రాక్టరు చక్రం మీద కూలబడ్డాడు.  పెయ్యనే చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"పందేలకెళ్ళిన కొత్తల్లో ఇంకాస్త బలం రావాలని ఆ దిమ్మ పైముఖం మిషను మీద చెక్కించాన్రా. అద్దంలా చెక్కారు. అంకెలు పోయాయి. అప్పుడు వాటినెవరు చూశారు? మొన్న ఆ పెద్దమనిషి అన్న మాట విన్నాక నాకు ముద్ద దిగట్లేదు. నీ పొలం ధర నేను ఇనప పొట్టు చేసి చీపురుతో ఊడ్చేశాను. మీ మొహం చూసి ఎట్లా చెప్పను? అందుకని పెయ్యను తెమ్మన్నా. తేలేవని."

నానమ్మ చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. పెయ్య ఈగల్ని తోలుకుంది. తాత ఇనప పొట్టు సంగతి నెమ్మదిగా నమిలి మింగాడు.

"చెక్కించాక గెలిచావా మరి?"

"గెలిచా. మూడు జిల్లాల్లో."

"అయితే ఇంకేంటి?" అన్నాడు తాత. తన బూట్ల వైపు చూస్తూ అన్నాడు. "అమ్మడానికి కాదురా అడిగింది. కళ్ళు పోతున్నాయి. చెవులింకా ఉన్నాయి. దాన్ని ఒకసారి విందామని."

ఆ ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళ మధ్య అంతకన్నా పెద్ద మాట నడిచిన దాఖలా లేదు. ఇద్దరికీ సిగ్గేసింది. లియో లేచి వెళ్ళి తాత లారీ టైరు తన్ని చూశాడు. గాలి తక్కువుందన్నాడు. తక్కువ లేదని తాతకూ తెలుసు, లియోకూ తెలుసు. ఇద్దరూ కంప్రెసరు తెచ్చుకుని గాలి కొట్టారు. నానమ్మ ఇంటికి వెళ్ళి క్రీమ్ పై చేసి పంపించింది.

వేసవి మిగతా అంతా కొట్టంలో పోట్లాటే. సిస్టర్ ఫిలోమినా గుండె తీసి నోవాలో పెట్టడానికి ఒకరికి మోకాళ్ళు లేవు, ఒకరికి కళ్ళు లేవు. లియో చూసి చెప్పాలి, తాత వంగి బిగించాలి. లియో ఎడమ అంటే తాతకు కుడి. పానా మీద పానా పడింది, వేలి మీద పానా పడింది. ఆ రోజుల్లో కోళ్ళు కొట్టం వైపు రావడమే మానేశాయి. ప్రెంటిస్ మళ్ళీ ఒకసారి వచ్చాడు. ఇంజను పైముఖం మీద వేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి రాశాడు. నున్నగా ఉంది. మనవడి బుగ్గలా ఉంది. ఆయన నిట్టూర్చి, ఇలాంటివి దేశంలో ఇక దొరకవు, దీన్నీ దొరక్కుండా చేసుకున్నారు అని నవ్వి, క్రీమ్ పై రెండు ముక్కలు తిని వెళ్ళాడు. వెళ్ళేముందు, నడిచే రోజు తనకూ కబురు చేయమన్నాడు. ఊరికే వినడానికి.

తాత పుట్టినరోజుకు ముందు ఆదివారం. పూజ అయింది. ప్రెంటిస్‌తో సహా వచ్చినవాళ్ళంతా కలిసి కారును వాకిట్లోకి నెట్టారు. లైసెన్సు ఇంకా తాత జేబులోనే ఉంది. ఆయన స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పాడు. ముందు దగ్గింది, తరవాత మూలిగింది, ఆ తరవాత నోరు తెరిచింది. లోపల వంటింట్లో పళ్ళేలు గలగలలాడాయి. నానమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

తాత కళ్ళు మూసుకుని విన్నాడు. తరవాత కళ్ళు తెరిచి ఎదురుగా రోడ్డు చూశాడు. రోడ్డు రెండు పక్కలా ఉంది, మధ్యలో లేదు. చివరి పోస్టు డబ్బా ఉందో లేదో తెలియలేదు. దాని పక్కన సైకిళ్ళ మీద నిలబడ్డ మనవలు ఉన్నారో లేదో కూడా తెలియలేదు. ఆయన చేతులు స్టీరింగు మీద కాసేపుండి కిందికి దిగాయి. ఇంజను ఆపకుండానే తలుపు తీసుకుని దిగాడు.

"డోరిస్," అని పిలిచాడు. "నువ్వు రా."

"క్లచ్ గట్టిదక్కా, నీ వల్ల కాదు," అన్నాడు లియో.

నానమ్మ బయటికి వచ్చి, గరిటె తమ్ముడి చేతిలో పెట్టి, ఏప్రాన్ విప్పి కంచె మీద వేసింది. అన్నేళ్ళుగా గిన్నెకు చెప్పుకుంటున్న ముక్క అప్పుడు అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"నా వల్ల కాదని ఎవరితో అన్నాను? కడుపులో బిడ్డను పెట్టుకుని తొక్కాను దాన్ని. వీళ్ళిద్దరూ కంచె దగ్గర చేతులు కలిపేసుకుని నా కారును ఆవును చేసేశారు. ఒక్కరైనా అడిగారా నన్ను?"

 తాత వంగుని, తడుముకుంటూ, కారు చుట్టూ తిరిగి టైర్లు ఒక్కొక్కటే నొక్కి చూశాడు. నానమ్మ స్టీరింగు ముందు కూర్చుని, ఆయన అన్నీ చూసేదాకా ఓపిగ్గా ఆగింది. ఆవిడకు ఆ భాష వచ్చు.

తాత పక్కసీట్లో ఎక్కాడు. లియోను మడతపెట్టి వెనక సీట్లో పెట్టారు, గరిటెతో సహా. నానమ్మ క్లచ్ తొక్కింది, వదిలింది. కోళ్ళు, టోపీలు, కంచె మీది ఏప్రాన్ అన్నీ లేచాయి. సెయింట్ ఓడీలియా దాకా వెళ్ళి లియో పొలం మీదుగా తిరిగి వచ్చారు. అక్కడ చెంచా మచ్చ పెయ్య కంచె దగ్గరికొచ్చి మెడ ఎత్తి చూసిందట. లియో వెనక నుంచి, అక్కా, ఒక్కసారి నాకూ ఇయ్యవే అని దారంతా బతిమాలాడట. నీకు పెయ్య ఉందిగా, దాన్ని నడుపుకో అందట ఆవిడ.

 తాత కళ్ళు మూసుకుని, కిటికీలో మోచెయ్యి పెట్టుకుని, ఊరు ఎక్కడ మొదలైందో, వంతెన ఎక్కడొచ్చిందో, చప్పుడు మారినప్పుడల్లా వేలితో చూపిస్తూ కూర్చున్నాడట. ఒక్కటీ తప్పలేదని నానమ్మ చెబుతుంది. ఆవిడ ఆయన్ని మెచ్చుకోగా వినడం ఇంట్లో అదే మొదటిసారి.